చివరి పది నిమిషాల అవ్వ

ఆమె పోయిందన్న కబురు నాకు ఒక సినిమా ఇంటర్వెల్‌లో తెలిసింది. పాత టాకీసు పనివాళ్లూ, అక్కడే పడి ఉండే మాలాంటి నలుగురూ కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అప్పటి మేనేజరు అందులో పెట్టాడు: "మన టాకీసు ఊడ్చే అవ్వ పొద్దున పోయింది. రేపు పది గంటలకు వాళ్ల ఊర్లె." సరిగ్గా అప్పుడే నేను నా పేజీ కోసం రివ్యూ కొడుతున్నాను. మే నెల, పెద్ద సినిమా, మొదటి రోజు, మొదటి ఆట. నాకంటే ముందు ఇంకెవడైనా పెట్టేస్తాడేమోనన్న ఆత్రం. వేలు ఎక్కడ నొక్కిందో చూసుకోలేదు. ఆమె చావు కబురు కింద నా పేరుతో ఇలా పడింది: "ఫస్టాఫ్ పర్వాలేదు. మిగతా సగం చూడాలి. ఇప్పటికి రెండున్నర."

మూడు నిమిషాల తర్వాత చూసుకున్నాను. అప్పటికే పదకొండు మంది చదివారు. మేనేజరు మర్యాదస్థుడు, "సారూ, జర సూసుకోండ్రి" అని మాత్రం పెట్టాడు. వెంటనే తీసేశాను. కానీ ఆ ఫోను మనకంటే నిజాయితీపరురాలు. ఏదో ఉండేదని, తీసేశారని అక్కడే రాసిపెట్టింది. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్తే చేస్తున్న పని ఆపి నా మొహం చూసింది. "మన పెండ్లప్పుడు నీ చేతిల ఫోను లేకపాయె. లేకుంటే తాళి కట్టి నాక్కూడ రెండున్నర ఇచ్చేటోనివి" అంది. 

మాది కరీంనగర్. నాకు జిరాక్సు షాపుంది. అది నా బతుకుతెరువు. సినిమా రివ్యూలు నా గొప్ప. ఎండాకాలం వచ్చిందంటే, పరీక్షలయిపోయి పిల్లలు ఇళ్లమీద పడ్డారంటే, శుక్రవారం శుక్రవారం నా పేజీ కోసం జనం ఎదురుచూస్తారని నా నమ్మకం. చొప్పదండి నుంచి నిర్మల్ దాకా నా మాట విని టికెట్టు తీస్తారని బంధువుల ఇళ్లలో చెప్పుకునేవాణ్ణి. నా మాట అంటున్నాను గానీ అది నా మాట కాదు. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. వాళ్లలో ఒకరు ఇప్పుడు లేరు.

ఆమె మా పాత టాకీసులో హాలు ఊడ్చేది. ప్రతి ఆటకూ చివరి పది నిమిషాలు మిగిలి ఉండగా పక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చేది. కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకుని, చీపురు నిలువుగా పట్టుకుని, కూలరు పక్కన గోడకు ఆనుకుని నిలబడేది. తెరమీద శుభం పడి లైట్లు వెలగగానే మొదటి వరుస నుంచి మొదలుపెట్టేది. ఇరవై ఏళ్ల పైగా ఆమె చూసినవన్నీ ఆ చివరి పది నిమిషాలే. వందల సినిమాల ముగింపులు ఆమెకు తెలుసు. ఒక్కదాని మొదలు కూడా తెలియదు.

"సినిమా అంటే ఏమున్నది బిడ్డా? ఒకడు కింద పడ్తడు, ఒకడు నిలబడ్తడు. అందరు ఫోటో దిగుతందుకు ఒక్కకాడికి వస్తరు. నేను చీపురు అందుకుంట. గంతే" అనేది. ఎప్పుడైనా పూర్తిగా కూర్చుని చూడొచ్చు కదా అని మేనేజరు అంటే, "మీరు సినిమా సూడుండ్రి, నేను సినిమా ఊడుస్త" అని నవ్వేది. ఆదివారం ఉదయం ఆటకు మాత్రం వచ్చేది కాదు. చర్చికి పోయేది. అక్కడ మొదటి పాట మొదలయ్యే ముందే చాప మీద కూర్చోకపోతే ఆమెకు ఊపిరాడేది కాదు. "వారమంత నడుమల జొరవడుడే. గా ఒక్కకాడన్న మొదటి సంది ఉండనియ్యి" అనేది.

నాకూ ఆమెకూ పరిచయం ఈ మొదళ్ల దగ్గరే. ఒకరోజు ఆట వదిలాక నేను కూర్చున్న వరుస ఊడుస్తూ ఆగింది. "గా పొల్ల రైలు కాడ గంతగనం ఎందుకేడ్సింది బిడ్డా? మొదట ఏమాయె?" అని అడిగింది. చెప్పాను. అలా రోజూ అడిగేది. రోజూ చెప్పేవాణ్ణి. తర్వాత్తర్వాత ఫోను చేతికొచ్చాక నేను తెర చూడటం తగ్గింది. తెలియని మొదళ్లు సొంతంగా అల్లి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె పట్టేసేది. చీపురు నేలకానించి కాసేపు ఆలోచించి, "నువ్వు చెప్పిన మొదలుకు నేను సూసిన ముగింపు కలుస్తలేదు. నిద్రవోయినవా?" అనేది. పేజీ నిండా నన్ను మెచ్చుకున్న వాళ్లలో ఒక్కరు కూడా నన్ను అలా పట్టుకోలేదు.

నేను మొదలు చెప్తే ఆమె బదులుగా నేల చెప్పేది. ఇదీ నా రివ్యూల రహస్యం. సినిమా బాగుందో లేదో ఆమెకు తెర చెప్పేది కాదు, కుర్చీల కింది నేల చెప్పేది. మనిషికి విసుగు పుడితే చేతులు ఊరుకోవు. పల్లీలు ఒలుస్తాయి, టికెట్టును పీలికలు చేస్తాయి, చాయ్ గ్లాసును నలుపుతాయి. అలాంటి రోజున నేల బరువు. సినిమా పట్టుకుంటే చేతులు ఆగిపోతాయి. సగం తిన్న సమోసా ఒళ్లోంచి జారి కిందపడినా చూసుకోరు. ప్యాలాల సంచులు నిండుగా దొరుకుతాయి. "ఇయ్యాల నేల తేలికున్నది బిడ్డా" అందంటే ఆ సినిమా నెల రోజులు ఖాయం. మొదటి సగంలో ఎంత తిన్నారు, రెండో సగంలో ఎంత తిన్నారు అన్నది కూడా చెప్పేది. ఇంటర్వెల్‌లో అమ్మే సమోసాల కాగితాలు పల్లీ పొట్టు పైన పడ్డాయా, పొట్టు కింద పడ్డాయా అన్నది ఆమె లెక్క.

నేను ఇంటికి వచ్చి అదే మాటకు కోటు తొడిగి పెట్టేవాణ్ణి. "ద్వితీయార్ధంలో కథనం బిగువు సడలింది" అని నేను రాస్తే, సెకండాఫ్‌లో పల్లీలు ఎక్కువ తిన్నారని అర్థం. "అన్నా, నువ్వు చెప్తే తప్పదు" అని కింద కామెంట్లు వచ్చేవి. నేను చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాణ్ణి. ఆమె గురించి ఒక్కసారి కూడా రాయలేదు. రాస్తే నన్నెవరు చదువుతారు, అందరూ పోయి ఆమెనే అడుగుతారు గదా!

ఫోన్లు వచ్చి ఆమె నేల చదువును పాడుచేశాయి. నాలాంటివాళ్లు ఊరి నిండా తయారయ్యారు. సినిమా నడుస్తుండగానే టైటిలు ఎలా ఉంది, పాట ఎలా ఉంది అని కొట్టడం మొదలైంది. ఒకరోజు ఆమె నేలంతా చూసి తల పట్టుకుంది. "ఏం తెలుస్తలేదు బిడ్డా. ఎవ్వలు పల్లీలు తింటలేరు. సినిమా మంచిగుంటే పల్లీలు తినే చేతులు ఆగుతయి. ఫోను వట్టిన చేతులు మంచిగున్నా ఆగుతలేవు, చెడ్డగున్నా ఆగుతలేవు. నన్ను పరేషాన్ చేసిండ్రు మీరు" అంది. 'మీరు' అన్నప్పుడు నా చేతిలోని ఫోను వైపు చూసింది. నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను. ఆమె వెనక్కి తిరగగానే మళ్లీ తీశాను.

ఇక రెండేళ్ల కిందటి ఎండాకాలం సంగతి. దీన్ని తప్పించుకుని ఆమె గురించి ఎంత రాసినా దొంగ రాతే అవుతుంది.

ఆ సంవత్సరం టాకీసు ఓనరు పనివాళ్లందరినీ పిలిచి చెప్పేశాడు. ఈ ఎండాకాలం హాలు నిండితే కొత్త కుర్చీలు వేస్తాను, నిండకపోతే ఫంక్షన్ హాలుగా మారుస్తాను అని. అవ్వ ఆ రోజు నుంచి నన్ను చూసినప్పుడల్లా, "జర మంచిగ రాయి సారూ" అనేది. మామూలుగా నేను బిడ్డను. ఎగతాళికైనా, అవసరానికైనా సారును. రెండు పెద్ద సినిమాల మధ్య ఒక శుక్రవారం ఖాళీ పడింది. ఆ వారం మందమర్రిలో తీసిన ఒక చిన్న సినిమా వచ్చింది. బొగ్గుబాయి పని నుంచి దిగిపోయిన ఒక పెద్దాయన కథ. పోస్టరు మీద తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

ఉదయం ఆటకు నలభై మంది ఉన్నారేమో. నేను కూలరు గాలికి కూర్చుని పావుగంట చూశాను. చూశాను అన్నది కూడా పెద్ద మాటే. షాపు నుంచి ఫోన్ వస్తే లేచి వెళ్లిపోయాను. వెళ్లి, జిరాక్సు మిషను నడుస్తుండగా, నిలబడే ఒక వాక్యం కొట్టాను. "తెర నిండా బొగ్గు, హాలు నిండా నిద్ర. ఒకటిన్నర." ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే రెండుసార్లు పైకి చదువుకున్నాను. గంటలో అది ఎక్కడెక్కడికో పోయింది. మందమర్రిలో ఉన్న మా చిన్నాన్న కొడుక్కి కూడా అది ఎవరో పంపితే, అన్నయ్య రాసిందని తెలియక నాకే మళ్లీ పంపాడు. నా బతుకులో అంతమంది పంచుకున్న రాత ఇంకొకటి లేదు.

మధ్యాహ్నం ఎండలో అవ్వ మా షాపుకు వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కొంగు విప్పి ఐదు పల్లీల పొట్లాలు మిషను మీద పెట్టింది. ఒక్కటీ విప్పలేదు.

"నలుబై మంది వచ్చిండ్రు బిడ్డా. ఐదుగురు పొట్లాలే ఇప్పలే. కొనుక్కున్నది మర్సిపోయిండ్రు. లైట్లేసినంక సుత ఎవ్వలు లేస్తలేరు. ఇరవై ఏండ్ల సంది ఊడుస్తున్న, గింత తేలిక నేల నేను సూడలే."

"నేను పెట్టేసిన అవ్వా" అన్నాను.

"ఏమని?"

చదివి వినిపించాను. ఆ వాక్యం ఆమె ముందు అంత బాగా వినిపించలేదు.

"నువ్వు నడుమల్నే లేసిపోతివి గద? నేను అవుతల గేటు కాడ నిన్ను సూస్తినాయె."

 ఒక కస్టమరు ఆధార్ కార్డు ఇచ్చాడు. దాన్ని అవసరానికి మించి శ్రద్ధగా మిషను మీద సర్దాను.

"మల్ల రాయి. తప్పు రాసిన్నని రాయి. అద్దగంట పని. రేపు ఎల్లుండి సెలవులు, జనం వస్తరు. టాకీసు ఉంటేనే నేనుంట బిడ్డా."

"ఒక్కసారి పెట్టినంక మార్చుకుంటే మందంత నవ్వుతరు అవ్వా. ఇగ నన్నెవడు నమ్ముతడు?"

"నవ్వితే నవ్వనియ్యి. నవ్వు పల్లి పొట్టా, కిందవడితే ఊడ్వనీకె?"

 పొట్లాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. నేను మార్చలేదు. సాయంత్రానికి ఆకలై, సిగ్గు లేకుండా, ఆ పల్లీలు కూడా నేనే తిన్నాను.

సోమవారానికి సినిమా ఎత్తేశారు. వెనక వచ్చిన పెద్ద సినిమా కూడా నిలవలేదు. వానలు పడే నాటికి టాకీసు మూసేశారు. నా ఒక్క వాక్యానికి ఒక టాకీసు పడిపోతుందా, ఓనరు మనసులో ముందే ఉన్నదేమో, ఊళ్లో కొత్త హాళ్లు వచ్చాయి కదా అని నా తరఫున నేనే వకీలుగా నిలబడుతుంటాను. వాదించిన ప్రతిసారీ కేసు గెలుస్తాను. గెలిచాక మనసేమీ బాగుండదు.

నిరుడు అదే చోట, ఇప్పుడు ఫంక్షన్ హాలు, మా దూరపు బంధువుల పెళ్లికి వెళ్లాను. వెనక మెట్ల మీద ఆమె కూర్చుని ఉంది. చీపురు పక్కనే ఉంది. ఓనరు ఆ ఒక్క పని మాత్రం ఆమెకు వదిలాడట. నేను తప్పించుకుందామనుకునే లోపే, "ఏమయ్యా రాతల సారూ, అన్నం తిన్నవా?" అని పిలిచింది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పెండ్లిళ్లల్ల సుత నేల సూసి చెప్తవా అవ్వా?"

"ఏం తెలుస్తది! మంచి జంటైనా మూతులు ముడుసుకున్న జంటైనా ఇస్తర్లు ఒక్కతీరుగనే పారేస్తరు" అంది. అలవాటైన నవ్వు నవ్వింది గానీ అందులో జీవం లేదు. ఆమెకు చదవడానికి ఏమీ మిగల్లేదని నాకప్పుడు అర్థమైంది. బాధేసింది.

ఆ బాధలోనే, "గా మందమర్రి సినిమా ఇప్పుడు ఫోన్ల ఉన్నది, చూస్తవా?" అన్నాను. లోపల పెళ్లి తంతు సాగుతోంది. భోజనాలకు ఇంకా టైముంది. ఆమె కళ్లద్దాలు లేక ఫోనును చెయ్యంత దూరం చాపి పట్టుకుంది. నేను పక్కనుంచి చూశాను. ఇద్దరం మొదటిసారి చూస్తున్నాం. ఇరవై ఏళ్లు టాకీసులో ఉన్న మనిషి మొదటిసారి మొదటి నుంచి. ఇంత పేరున్న నేను మొదటిసారి నిజంగా.

పెద్దాయన భార్య పొద్దున్నే లేచి టిఫిన్ డబ్బాలో అన్నం సర్దే సీను దగ్గర అవ్వ నా మోకాలు మీద చరిచింది. "ఓయమ్మ! గా డబ్బ గీమెదా! గందుకేనా ఆఖరికి గట్ల వట్టుకుంటడు!" అంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడం లేదు. రెండు చేతులూ ఫోనుకే అంకితమైపోయాయి.  ఇంత మంచి సినిమాను నేను ఒక వాక్యం అందంగా వచ్చిందని చంపేశానని, ఆ మెట్ల మీద, సన్నాయి మోగుతుండగా, మొదటిసారి ఒప్పుకున్నాను. లోపలే ఒప్పుకున్నాను. పైకి అనలేదు.

ఇంకో పది నిమిషాలు ఉందనగా ఆమె ఫోను నా చేతిలో పెట్టి లేచింది.

"అయిపోలే అవ్వా, ఇంకున్నది."

"గిక్కడి సంది నాకు ఎరుకే" అంది, చీపురు అందుకుంటూ. లోపల మొదటి పంక్తి లేస్తోంది. అదే సమయానికి ఫోటోకు రమ్మని మావాళ్లు కేకేశారు. నేనూ ముగింపు చూడలేకపోయాను.

"గిప్పుడన్న రాస్తవా?" అని అడిగింది వెళ్తూ వెళ్తూ.

"ముగింపు చూసి రాస్త."

"ముగింపుకు నేను లేనా? రాస్కో. బాయి బంద్ వెట్టిండ్రు. ముసలాయన గేటు కాడ కూసుంటడు. డబ్బ తెరుస్తడు. లోపల ఏం లేదు. అయినా గిట్ల ఒళ్లె వెట్టుకోని, అన్నం సల్లారుతదన్నట్టు మల్ల మూత వెడ్తడు. గంతే. ఎవ్వలు ఫోటో దిగరు. మంచి ముగింపు. రాస్తవా మరి?"

"రాస్త అవ్వా. ఇయ్యాలనే."

ఆ రోజు ఒక పెద్ద సినిమా టీజరు వచ్చింది. దాని మీద రాశాను. మర్నాడు ఇంకేదో వచ్చింది. పాత సినిమా మీద ఇప్పుడెవరు చదువుతారు అనుకున్నాను. ఏడాది గడిచింది. ఆమె మళ్లీ అడగలేదు, నేను మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

ఆమె కబురు తెలిసిన మర్నాడు పొద్దున చొప్పదండి అవతల ఆమె ఊరికి వెళ్లాను. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాట పాడారు. నేను మొదటి పాటకు ముందే వెళ్లి కూర్చున్నాను. ఆమె కోసం చేయగలిగిన ఆ ఒక్క పనైనా సరిగ్గా చేద్దామని. ఎండలో వచ్చారని ఎవరో అందరికీ కాగితం గ్లాసుల్లో చాయ్ తెచ్చి ఇచ్చారు. తర్వాత శవపెట్టె ఎత్తారు. అందరం వెంట నడిచాం.

మట్టి వేసి తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నాను. అలవాటుగా తల వంచి నేల చూశాను. కుర్చీల కింద చాయ్ గ్లాసులు. ప్రతి కుర్చీ కిందా ఉన్నాయి. అన్నీ నిండుగా ఉన్నాయి. మీగడ కట్టాయి. ఒక్కదాన్ని ఎవరూ నలపలేదు, ఒక్కదాంట్లో ఎవరూ గుటక వేయలేదు. నా కుర్చీ కింద నాది కూడా అలాగే ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు గుర్తు లేదు.

అవ్వ కూతురు చీపురుతో వచ్చి ఆ వరుస చూసి ఆగిపోయింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఏందన్నా, చాయ్ మంచిగ లేకుండెనా? ఒక్కలు తాగలే" అంది.

"మంచిగుంటేనే తాగరమ్మా. మీ అవ్వనే చెప్పింది" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. 

అక్కడే కూర్చుని పేజీ తెరిచి రాశాను. "రెండేళ్ల కింద మందమర్రి సినిమా బాగాలేదని రాశాను. అప్పుడు నేను చూసింది పావుగంట. మా టాకీసు ఊడ్చే అవ్వ అదే రోజు బాగుందని చెప్పింది, మార్చమంది. మార్చలేదు. నా రివ్యూల్లో మీకు నచ్చినవన్నీ ఆమెవి. ఆ ఒకటిన్నర ఒక్కటే నాది." ఈసారి ఎక్కడ పడుతుందో రెండుసార్లు చూసుకుని నొక్కాను. రేటింగు పెట్టలేదు.

గోడకు ఇంకో చీపురు ఆనించి ఉంది. తీసుకుని మొదటి వరుస నుంచి మొదలుపెట్టాను. నిండు గ్లాసులు తొణకకుండా తీయడం ఊడ్చినంత తేలిక కాదు. జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు తిడుతున్నారో తెలియదు. చేతులు ఖాళీగా లేవు.